ఆర్గానిక్ మూత్రం

షట్టరు సగం దించి, ఫ్రిజ్‌లో మజ్జిగ ప్యాకెట్ల పక్కనున్న మూత్రం సీసాలు బయటికి తీసి, యుగంధర్ వాటి స్టిక్కర్లు పీకుతున్నాడు.

పచ్చ స్టిక్కరంటే అతని ఆర్గానిక్ దుకాణంలో కూరలు కొని తినేవాళ్లు. ఎర్ర స్టిక్కరంటే మామూలు మార్కెట్ కూరలు తినేవాళ్లు. ఎవరి ఒంట్లో పురుగుమందు ఎంతుందో తేల్చడానికి యూనివర్సిటీ నుంచి కల్పలత వచ్చింది. ల్యాబు వ్యాను వచ్చేదాకా సీసాలన్నీ అతని ఫ్రిజ్‌లోనే పెట్టింది. నమ్మి పెట్టింది పాపం!

ఆర్గానిక్ అంటే ఏముంది? శామీర్‌పేట నుంచి రైతు భద్రయ్య ఆటోలో తెచ్చి పడేసే వంకాయలు, కీరదోసకాయలు. అవి ఆర్గానిక్ అయ్యేది పొలంలో కాదు, ఈ దుకాణమున్న పద్మారావు నగర్‌లో. యుగంధర్ సంచి మీది ఆకుబొమ్మ తగిలిందా, ధర మూడింతలు!

అతని భయం వేరే. మార్కెట్లో కొనేవాళ్లు ఉప్పునీళ్లలో కడిగి, తొక్క తీసి తింటారు. ఇతని గిరాకీలు? స్వచ్ఛమైనవని నమ్మి, కీరదోసకాయల్ని కడక్కుండా తొక్కతో సహా కరకరా నమిలేస్తారు! ఇక వాళ్ల సీసాల్లో ఉండేదంతా విషమే. రిపోర్టు బయటికొస్తే దుకాణం మూతే. మల్కాజ్‌గిరిలో రెండో బ్రాంచికి బోర్డు సుత రాయించేశాడాయె.

అందుకే పచ్చ స్టిక్కర్లు ఎర్ర సీసాలకు, ఎర్రవి పచ్చ సీసాలకు. అంటించేసి, ఈల వేసుకుంటూ షట్టరెత్తాడు.

రిపోర్టు పట్టుకుని కల్పలత రాగానే బెల్లం లడ్డూల డబ్బా తెరిచాడు.

"నోరు తీపి చేసుకోండి మేడం! మావోళ్లు సాఫే గదా?"

"మీకు సిగ్గుందా యుగంధర్ గారూ? పచ్చ స్టిక్కర్ సీసాలన్నిట్లో పురుగుమందే! ఎర్రవాటిలో భూతద్దం పెట్టి వెతికినా లేదు. ఇంటింటికీ తిరిగి చెప్తాను, మీ దగ్గర ఏమీ కొనొద్దని!"

ఆమె విసురుగా వెళ్లిపోయింది. యుగంధర్ లడ్డూల డబ్బా మూసేశాడు. స్టిక్కర్లు మార్చింది తానే కదా! అంటే ఆ శుభ్రమైన సీసాలు తన గిరాకీలవే. దొంగ సరుకనుకుని అమ్మింది నిఖార్సయిన సరుకు! చెప్పుకుందామంటే ఏమని చెప్పాలి? మార్చిన సంగతి తానే ఒప్పుకోవాలి.

ఒళ్లు మండి ఫోన్ తీశాడు.

"ఏందయ్యా భద్రయ్యా! నన్ను పరేషాన్ చేస్తివి. పంటకు మందు కొట్టవా నువ్వు? ఊళ్లె అందరు కొడ్తలేరా?"

పట్టపగలే అవతల నాలుక మడతపడుతోంది.

"తప్పయింది సేటూ, జెర మాఫ్ చెయ్యి. పంట మందుకని బయల్దేరుతనే గానీ... తొవ్వలనే నా మందుకు అయిపోతున్నయి పైసలు!"