సగం కోర్టు

“గిట్లయితే ఓడుడే మేడం. జోన్ ఆడిద్దాం. ఎవరి జాగల వాళ్లు నిలబడి కాపాడుకుంటరు,” అన్నాడు కోచ్ అఖిలేశ్.

“చిన్నపిల్లలు సార్. ఇప్పుడే నిలబడుడు నేర్పితే ఇగ ఎన్నడు ఉరుకుతరు? ఒక్కొక్కరు ఒక్కొక్కరిని పట్టుకోవాలె. మ్యాన్ టు మ్యానే,” అంది పీఈటీ ప్రేమల.

సొంత బడి బాస్కెట్‌బాల్ కోర్టులోనే, సగం ఆట అయ్యేసరికి మద్నూర్‌కు ఇరవై రెండు, తమ బాన్సువాడకు నాలుగు. ఇది కూడా ఓడితే వచ్చే ఏడు ఆడపిల్లల టీమే ఉండదని హెడ్మాస్టర్ చెప్పేశాడు.

వైపులు మారాయి. బంతితో దూసుకొస్తున్న మద్నూర్ పిల్లను బాన్సువాడ పిల్ల ప్రియదర్శిని విడవకుండా తరిమింది. నడిమి గీత దగ్గరికి రాగానే టక్కున ఆగిపోయింది. మద్నూర్ పిల్ల ఒక్కతే వెళ్లి బంతిని బుట్టలో వేసింది. రెండోసారీ అంతే. మూడోసారీ.

ప్రేమల పక్కకు పిలిచింది. “ఎందుకాగుతున్నవే?”

“ఆడ వడ్లుంటయి కద మేడం.”

కోర్టులో ఈరోజు ఒక్క గింజ లేదు. కోతలు మొదలైనప్పటి నుంచి మాత్రం ఆ సగమంతా వడ్లు ఆరబోసే ఉన్నాయి. పిల్లలు ఈ సగంలోనే ఆడారు.

“పోనీ, జోన్ పెడదామా?” అన్నాడు అఖిలేశ్.

“ఏ జాగ కాపాడుతరు సార్? ఆ సగం మీది కాదని రోజూ ఒర్రింది నేనే.”

గేటు దగ్గర, కోర్టులోంచి ఎత్తి ట్రాక్టర్ ట్రాలీలో పోసిన వడ్ల మీద నిలబడి ప్రియదర్శిని నాయిన గొంతు చించుకుంటున్నాడు.

“ఉరుకు బిడ్డా! ఆగుతవేంది? ఉరుకు!”