తొమ్మిదో సొరుగు

మాదన్నపేటలోని తన పనిగది కోసం వడ్రంగి డానియేలు పన్నెండు సొరుగుల బీరువా చేసుకున్నాడు. ఏ సొరుగు ఏ గూటిదో తెలియాలని వెనక పెన్సిలుతో అంకెలు వేశాడు. చదువురాని తండ్రి బాబురావైతే ఉలితో కాట్లు పెట్టేవాడు. మూడోదానికి మూడు, తొమ్మిదోదానికి తొమ్మిది. "నీ పని ఎన్నడు సక్కగ రాదురా" అని పోయేదాకా అంటూనే ఉన్నాడు. ఆ ఉలిని డానియేలే ఆయన శవపెట్టెలో పెట్టి పంపాడు.

ఒక రాత్రి తొమ్మిదో సొరుగు బిగుసుకుంది. గట్టిగా లాగి వెనక్కి తిప్పి చూశాడు. పెన్సిలు అంకె పక్కన తొమ్మిది కాట్లు. కొత్తవి. చెక్కపొట్టు ఇంకా అంటుకునే ఉంది.

చిత్రిక పట్టి కాట్లన్నీ నున్నగా తీసేశాడు. సొరుగు ఈసారి సాఫీగా లోపలికి జారింది.

లైటు ఆర్పి గుమ్మం దాకా వెళ్లాడు. బీరువాలోంచి టక్కు టక్కుమని చప్పుడు. నిలబడి లెక్కపెట్టాడు. తొమ్మిది దగ్గర ఆగింది.

మళ్లీ లైటు వేసి, చిత్రిక అందుకుని, బీరువా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఎన్ని కొడ్తవో కొట్టు బాపు. తెల్లారేదాంక తీసేస్తనే ఉంట. ఇది నేను చేసిన బీరువా."

పదో సొరుగు మెల్లగా బయటికి జరిగింది.