చీకటి దానం

ఏవండోయ్! కథ చదవకుండానే చివరి వాక్యం మీదికి కళ్లు పరిగెత్తిస్తారే, మీకే చెప్పేది. ఆ చివర బొటనవేలితో మూసి పట్టుకోండి. ఆ, ఇప్పుడు కడియం పదండి.

మణిశంకర్ ఫిజిక్సు మేష్టారు. మొన్న జూన్‌లోనే కడియానికి బదిలీ మీద వచ్చి, ఓ మేడ మీద అద్దెకు దిగాడు. టెలిస్కోపుకి కెమెరా తగిలించి గెలాక్సీలను ఫొటో తీయడం ఆయన పిచ్చి. ఆండ్రోమెడా గెలాక్సీని ఒక్కసారైనా పట్టాలని ఏనాటి నుంచో కల.

కానీ ఎన్నిసార్లు తీసినా ఫొటోలో పచ్చటి మసకే. కారణం గోడ పక్కనే ఉంది. పెదబాబు నర్సరీ. చామంతి మడుల మీద వరసలు వరసలుగా బల్బులు, చీకటి పడితే చాలు వెలుగుతూనే ఉంటాయి.

“ఇరవై అయిదు లక్షల ఏళ్లు ప్రయాణం చేసిన వెలుగండీ పెదబాబుగారూ! తీరా కడియం వచ్చి మీ బల్బుల దగ్గర ఓడిపోతోంది.”

“ఆయ్, అన్నేళ్లు ఆగింది కదండీ, ఇంకో నెల్లాళ్లు ఆగమనండి.”

“ఒక్క వారం ఆపలేరా?”

“కొంప మునుగుద్దండి! చీకటి తగిలిందంటే చామంతి మొగ్గేసేత్తది. మొక్క ఎదగాలంటే లైటుండాలండి.”

మేష్టారు వెనక్కి తిరిగాడు.

కార్తీకం చివర్లో పెదబాబే మెట్లెక్కి వచ్చాడు.

“మేష్టారూ, మీ మొహం చూళ్లేకపోతున్నానండి. ఇయ్యాల్టి నుంచీ లైట్లు కట్టేత్తన్నాను. మీ ఇష్టం, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు.”

“మరి మొక్కలు?”

పెదబాబు తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు. “మీకంటే ఎక్కువేటండీ?”

కార్తీకంలో అందరూ దీపదానం చేస్తారు. చీకటి దానం చేసే మనిషిని మేష్టారు అప్పుడే చూశాడు.

గెలాక్సీ దొరికింది. నడుమ వెలుగు ముద్ద, చుట్టూ సుడి తిరిగిన ధూళి చారలు. తీసిన ఫొటోలన్నీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, ఫ్రేము కట్టించేసరికి నెల పట్టింది. కింద ఇలా రాయించాడు: ‘ఈ చీకటి పెదబాబుగారిది.’

ఫ్రేము పట్టుకుని నర్సరీకి వెళ్లాడు. గేటు దగ్గర, మొక్కలు కొనుక్కెళ్లే లాజరు లారీ ఆగి ఉంది. లోపల ఏ మొక్క చూసినా మొగ్గలే.

పెదబాబు బోర్లించిన కుండీ మీద కూర్చున్నాడు. “చూశారుగా...” అని మొహం అటు తిప్పేసుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

తోటివాడి కడుపు కొట్టాననుకున్నాడు మేష్టారు. గబగబా ఇంటికెళ్లి టెలిస్కోపు తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

“ఇంక జన్మలో దీన్ని ముట్టనండి. మీ మనవరాలికివ్వండి.”

“అబ్బెబ్బే, వద్దండీ,” అన్నాడు పెదబాబు, ఇటు తిరక్కుండానే. “కాస్త ఆ నీడలోకి జరిపి పెట్టండి.”

కళ్లు తుడుచుకుంటూ గేటు దాకా వచ్చాడు మేష్టారు. లాజరు లారీ తలుపు తీస్తున్నాడు.

“ఖాళీ లారీతో వెళ్లాల్సొచ్చిందా లాజరూ? అంతా నా వల్లే. ఈ మొగ్గలొచ్చేసిన మొక్కలు ఇంకెవరు కొంటారు?”

లాజరు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

“భలేవోరండీ మేష్టారూ! మొగ్గ లేని చామంతి ఎవరిక్కావాలండీ, ఏటా కార్తీకం వెళ్లేసరికి ఈయన లైట్లు కట్టేసేది అందుకేగా!”