పక్క బల్లాయన

హేరిమ్ బార్లీ టీ తాగి వచ్చేసరికి పక్క బల్లాయన ఆమె ఆంప్లిఫయర్ మీదికి వంగి ఉన్నాడు.

చేతిలో రెండు వైర్లు. వాటి కొనలు లోపలెక్కడో తగిలించి, ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నారు మాస్టారూ?"

ఆయన ఉలిక్కిపడి వైర్లు లాగేసుకున్నాడు. దొరికిపోయిన దొంగ ముఖమే.

అసలే హేరిమ్‌కు ఒళ్ళు మండిపోతోంది. గిటార్ ఆంప్లిఫయర్లు సొంత పేరు మీద కట్టి బతుకుతానని, బంగారంలాంటి ఉద్యోగం వదిలేసి, ఇంట్లో పోట్లాడి వచ్చింది. ఉల్జిరో పాత మార్కెట్ మూడో అంతస్తులో, ఈ వర్క్‌షాపులో ఒక బల్ల అద్దెకు తీసుకుని, పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులతో మొదటిది కడుతోంది. శనివారం తక్ అని బాగా పేరుమోసిన గిటారిస్టు వచ్చి వింటానన్నాడు. ఆయన బాగుందంటే నలుగురూ అడుగుతారు. లేదంటే తట్టాబుట్టా సర్దుకోవడమే.

ఆ దిక్కుమాలిన పెట్టేమో గిటార్ కన్నా ముందు తనే అందుకుంటోంది. ఒకటే హోరు. ఎక్కడ విప్పి ఎక్కడ అతికినా తగ్గదు.

పక్క బల్లాయన పేరు నమ్‌గుంగ్. అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఆయన సోల్డరింగ్ ఐరన్ పట్టుకోగా అక్కడెవరూ చూడలేదు. అవే వాల్వులు, అవే సర్క్యూట్లు కంప్యూటర్లో గీసి, అందులోనే గిటార్ మోగించి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ కూర్చుంటాడు. వేలు కాలకుండా ఆంప్లిఫయర్ కట్టే మహానుభావుడని అందరూ వేళాకోళం చేసేవారు. హేరిమ్ అందరికన్నా ఎక్కువ చేసేది.

"నాకు ఇదే హాయమ్మా," అన్నాడాయన ఒకసారి. "ఇందులో ఆపితే నిజంగా ఆగుతుంది."

పిరికివాళ్ళు ఇలాగే మాట్లాడతారనుకుంది.

ఆమె వచ్చిన కొత్తలో ఆయన ఏదో జాగ్రత్త చెప్పబోయాడు కూడా. ప్లగ్ తీశాక, లోపల చేయి పెట్టేముందు, అని మొదలుపెట్టగానే తనకు తెలుసులెమ్మని తుంచేసింది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు అంతా అర్థమైంది. ప్లగ్ పీకి, వాల్వులు చల్లారేదాకా టీకి వెళ్ళడం ఆమె అలవాటు. ఆ సందు చూసుకుని ఈ పెద్దమనిషి కొలతలు తీసి కంప్యూటర్లోకి ఎక్కించుకుంటున్నాడు. తను రెక్కలు ముక్కలు చేసుకుంటుంటే ఆయన కూర్చున్నచోటే కాజేస్తున్నాడు.

"కట్టడం చేతకాక నాది దొంగిలిస్తున్నారా?"

"దొంగతనం కాదు తల్లీ. నువ్వు లోపల చేయి పెడతావని..."

"నాది. నేను పెట్టుకుంటాను. మీ స్క్రీన్ మీరు చూసుకోండి."

వర్క్‌షాపు నడిపే ఒక్‌సున్ వచ్చి సర్దిచెప్పబోయింది. ఆయన ఉంటే తను ఉండనని హేరిమ్ తెగేసి చెప్పింది. ఇద్దరు ముగ్గురు ఆమెకే వంత పాడారు.

నమ్‌గుంగ్ కంప్యూటర్ సంచిలో పెట్టుకున్నాడు. ఈ పిల్లను ఒంటరిగా వదలకమ్మా అని ఒక్‌సున్‌తో మాత్రం అని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పోతూ పోతూ కూడా పెద్దరికమే అనుకుంది హేరిమ్. పీడ వదిలింది.

శుక్రవారం మధ్యాహ్నం హోరు ఎక్కడినుంచి వస్తోందో దొరికింది. ఒక ఎర్త్ వైరు స్క్రూ సరిగా బిగియలేదు. అంతే. ఇన్నాళ్ళూ ప్రాణం తోడేసింది ఇదా అని ఏడుపొచ్చినంత పనయింది. ప్లగ్ పీకింది. టీ తాగి వచ్చింది. స్క్రూడ్రైవర్ కొనదాకా పట్టుకుని లోపలికి పోనిచ్చింది.

ఫెళ్ళుమంది.

తెలివి వచ్చేసరికి గోడ వారగా నేలమీద ఉంది. కుడిచేయి తనది కానట్టుంది. స్క్రూడ్రైవర్ కొన నల్లగా కమిలిపోయింది.

ఒక్‌సున్ పరుగెత్తుకొచ్చి లేపి కూర్చోబెట్టింది. "కెపాసిటర్లు ఖాళీ చేయకుండా చేయి పెట్టావా? ప్లగ్ పీకినా వాటిలో కరెంటు నిలవుంటుందే. ప్రాణం తీసేంత."

"నేను రోజూ ఇలాగే చేస్తానక్కా. ఎప్పుడూ ఏం కాలేదు."

"ఖాళీ చేయకుండానే?"

"ఖాళీ చేయడమంటే?"

ఒక్‌సున్ ఖాళీగా ఉన్న పక్క బల్లను చూసింది.

"ఆయన చేతిలో రెండు వైర్లని గోల చేశావే. వాటి మధ్యలో చిన్న రెసిస్టర్ ఉందా?"

ఉంది. అది కొలిచే వైరు కాదని, నిలవున్న కరెంటు ఖాళీ చేసేదని హేరిమ్‌కు ఇప్పుడు తెలిసింది.

"ఫోన్ చెయ్యక్కా. మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమంటాను."

"రోజూ చేస్తూనే ఉన్నాను. ఎత్తడం లేదు."

ఒకప్పుడు ఈ అంతస్తులోనే ఆయనకు షాపుండేదని ఒక్‌సున్ చెప్పింది. తమ్ముడూ ఆయనా కలిసి ఆంప్లిఫయర్లు కట్టేవారట. తమ్ముడు ఒకరోజు, ప్లగ్ పీకేసిన దాంట్లోనే చేయి పెట్టి పోయాడట. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఐరన్ పట్టలేదు.

"ఆయన ఎందుకు బల్ల మారేవాడో ఇన్నాళ్ళూ నాకూ తట్టలేదు," అంది ఒక్‌సున్. "ఆయన అసలు బల్ల ఆ కిటికీ దగ్గరిది. కొత్తవాళ్ళెవరైనా మొదటి ఆంప్లిఫయర్ కడుతున్నారంటే మాత్రం, వాళ్ళ పక్క బల్ల ఇప్పించమని వచ్చి అడిగేవాడు."