మిటెక్ తిరిగొచ్చాడు

"మా ఆయన తిరిగొచ్చాడుగా," అంది ఇవాలు, సీల్ జంతువు తోలు గీకుతూ, అదేదో పాత కబురైనట్టు.

దాగ్మార్ టీ కప్పు కింద పెట్టి ఆమెకేసి జరిగింది.

ధ్రువయాత్రకు బయల్దేరిన ఆమె తండ్రి బృందం పన్నెండేళ్ళ కిందట మంచులో మాయమైంది. తర్వాత గుడారం దొరికింది, శవాలు దొరికాయి, మూత తీయని తిండి డబ్బాలూ దొరికాయి. తిండి పెట్టుకుని ఎందుకు చచ్చారో ఎవరికీ అంతుపట్టలేదు. పాపమంతా కెప్టెన్ అయిన ఆమె తండ్రిదేనని కోపెన్‌హాగెన్ సర్కారు తేల్చేసింది. దొరకనిది బృందంతో వెళ్ళిన ఇక్కడి వేటగాడు మిటెక్ ఒక్కడే. అతని భార్యను వెతుక్కుంటూ, గ్రీన్‌లాండ్ భాష నేర్చుకుని మరీ వచ్చింది దాగ్మార్.

"ఎప్పుడొచ్చాడు పెద్దమ్మా?"

"కిందటి చలికాలం. అన్నాళ్ళూ ఆ పేరు నోటంట రానివ్వలేదమ్మా. పలికితే పోయాడని ఒప్పుకున్నట్టే కదా! ఆఖరికి గుండె రాయి చేసుకుని పిలిచాను. వచ్చేశాడు."

"మా నాన్న గురించి ఏమన్నా చెప్పాడా?"

"మాటలెక్కడివి? రాత్రిళ్ళు ఉలిక్కిపడి ఏడుస్తాడు. కాళ్ళు నిలవవు. పళ్ళు లేవాయె, మాంసం నేనే నమిలి పెట్టాలి."

పళ్ళు లేవు! నావికుల్ని పీక్కుతినే చిగుళ్ళ జబ్బు, స్కర్వీ! "మా నాన్న బృందానికి చిగుళ్ళ జబ్బు పట్టిందా పెద్దమ్మా?" అంది దాగ్మార్.

"నెలల తరబడి డబ్బాల తిండి తింటే చిగుళ్ళు కుళ్ళవూ?" ఇవాలు తిమింగలం పచ్చి తోలు ముక్క కోసి అందించింది. "ఇది తింటే ఏ రోగమూ దగ్గరికి రాదు. బయల్దేరేరోజు మీ నాన్నకి నా చేత్తో ఇచ్చాను. ముక్కు మూసుకున్నాడు మహానుభావుడు!"

దాగ్మార్ నమిలి మింగింది. ఇంతేనా నాన్నా, ఇది తినుంటే ఇంటికొచ్చేవాడివా అని ఏడుపు తన్నుకొచ్చింది.

"మిటెక్‌ని ఒక్కటే అడుగుతాను పెద్దమ్మా. నాన్న చివర్లో నన్ను తలుచుకున్నాడా అని."

"అడుగు తల్లీ. నేనూ రోజూ అదే అడుగుతున్నా, నన్ను తలుచుకున్నావా అని. కోడలు అలా గాలికి తీసుకెళ్ళింది, వచ్చేస్తారు."

బయట కుక్కలు మొరిగాయి. దాగ్మార్ కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది.

కోడలొక్కతే లోపలికొచ్చింది. వెనక ఎవరూ లేరు. ఆమె అటు తిరిగి, వీపు మీద సంచిలా వేలాడే కోటు బొచ్చుటోపీని వదులు చేసింది.

"వచ్చావా మావా!" ఇవాలు ముఖం వెలిగిపోయింది.

తాత పేరు పెట్టుకున్న పసివాడు బోసినవ్వు నవ్వాడు.