ఖీమా చాక్లెట్

యజమాని దాన్ని నోట్లో వేసుకున్నాడు. ఒక్కసారి చప్పరించాడు. మరుక్షణం వెళ్ళి తొట్టిలో ఊసేశాడు.

"ఏం కలిపావిందులో?"

"ఖీమా, సార్," అంది ఆమె. "ఉప్పు, మిరియాలు పట్టించి కరకరలాడేలా వేయించి చేదు చాక్లెట్‌లో ముంచాను."

డబ్బాలు కడుతున్న ఆడవాళ్ళ చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఇది చాక్లెట్ల కొట్టా, మాంసం కొట్టా? నలుగురికీ తెలిస్తే మన మొహాన ఉమ్ముతారు!"

"చప్పరిస్తే తెలీదు సార్. నమలాలి. ఇంకొకటి తిని చూడండి."

"నా కొట్లో నా మాటే చెల్లుతుంది."

ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. ఏళ్ళ తరబడి ఆ పొయ్యి దగ్గర చేతులు కాల్చుకుంది. అద్దాల బీరువాలో ఉన్న రకాల్లో ముప్పాతిక వంతు ఆమె కనిపెట్టినవే. డబ్బా మీద ఫొటో మాత్రం ఆయనది.

"మీ మాట చెల్లుతుంది. నా చేతులు లేకపోతే మీ సరుకు చెల్లదు."

అందరి ముందూ అనేసింది. యజమాని మొహం కందగడ్డయింది.

"రేపట్నుంచి ఈ కొట్లో అడుగు పెట్టకు!"

ఆమె ఏప్రన్ విప్పింది. చక్కగా మడిచి ఆయన బల్ల మీద పెట్టింది. వెనక్కి చూడకుండా వచ్చేసింది.

సంగతి తెలిసి ఎదురింటి పెద్దమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశానుగానీ, నువ్వేంటే నడి ఏట్లోనే తగలేశావు! ఆయన్ని కాదని ఎలా బతుకుతావు?"

"నాకు ఈత వచ్చు పెద్దమ్మా."

"పొగరు మాటలు మాట్లాడకు. ఇన్నాళ్ళూ ఆయన ఉప్పు తిన్నావు."

"ఆ ఉప్పు వేసింది నేనే."

పెద్దమ్మ నెత్తి కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఆమె తన వంటింట్లోనే పని మొదలుపెట్టింది. మొదటి వాయి పాడైపోయింది. ఖీమాలో తడి మిగిలిపోయి, చాక్లెట్ బిగుసుకుని మట్టిముద్దలా తయారైంది. రెండో వాయిలో కొవ్వు సరిగ్గా పిండలేదు. ఒక్కటీ అచ్చులోంచి ఊడి రాలేదు.

ఆమె గిన్నె తోమి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. ఈసారి ఖీమాని రవ్వలా రాలేదాకా వేయించింది. పలచటి గుడ్డలో వేసి పిండి, ఆరబోసింది. చాక్లెట్‌ని వేడినీళ్ళ మీద కరిగించి, రాతి పలక మీద పోసి, అటూ ఇటూ తిప్పుతూ చల్లార్చింది. అచ్చు బోర్లిస్తే టపటపా రాలాయి. అద్దంలా మెరుస్తున్నాయి. ఒకటి కొరికింది. ముందు చేదు, వెనక తీపి, ఆ వెనక మాంసం కమ్మదనం. అన్నిటి తర్వాత మిరియం వచ్చి నాలుక మీద చిటికేసింది.

"ఎవరు కొనరో చూస్తాను," అంది పైకే.

వీధివైపున్న కిటికీలో పళ్ళెం పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు చీమలు తప్ప ఎవరూ రాలేదు. పెద్దమ్మ తన గుమ్మంలోంచి చూసి నిట్టూర్చింది. మర్నాడు మాంసం కొట్టతను వచ్చాడు.

"నా దగ్గర ఇంత ఖీమా తీసుకెళ్ళి ఏం చేస్తున్నారో చూద్దామనొచ్చానమ్మా."

ఒకటి తిన్నాడు. కళ్ళు మూసుకుని నమిలాడు.

"అయ్యో, ఇన్నాళ్ళూ నా సరుకుని కూరల్లో పడేసి దాని పరువు తీశారమ్మా జనం!"

పళ్ళెంలో ఉన్నవన్నీ పొట్లం కట్టించుకుపోయాడు. కొట్టుకొచ్చినవాళ్ళందరికీ తలా ఒకటి పంచాడు.

కిటికీ దగ్గర నలుగురైదుగురు కనబడేసరికి యజమానికి మండిపోయింది. తన కొట్టు ముందు పెద్ద బోర్డు పెట్టించాడు. 'మా చాక్లెట్లలో మాంసం కలపబడదు.'

చదివినవాళ్ళకల్లా ఒకటే అనుమానం: మరెవరు కలుపుతున్నారు? ఆరా తీశారు. రెండు రోజులు తిరక్కుండానే కిటికీ ముందు వరుస వీధి మలుపు దాటింది.

"పాపం, ఊరికే దండోరా వేయించారు," అని నవ్వుకుంది ఆమె.

కొట్లో డబ్బాలు కట్టే ఆవిడ కూడా ఓ రోజు ఆ వరుసలో వచ్చింది. కిటికీలో తల దూర్చి గొంతు తగ్గించింది.

"అక్కా, నీ బదులు పెట్టిన కొత్త మాస్టర్ చేసినవాటికి తెల్లమచ్చలొస్తున్నాయి. కొన్నవి కొన్నట్టు తిరిగొస్తున్నాయి. సార్‌కి నిద్ర కూడా పట్టడం లేదట."

"తెలుసు," అంది ఆమె, డబ్బా కడుతూ.

ఆ సాయంత్రం వరుస చివర యజమాని నిలబడ్డాడు. ముందున్నవాళ్ళు దారివ్వబోయారు.

"వరుసలోనే రానివ్వండి," అంది ఆమె.

ఆయన వంతు వచ్చేసరికి వీధి ఖాళీ అయింది. ఒకటి తీసుకున్నాడు. నోట్లో వేసుకుని, ఈసారి నమిలాడు. చాలాసేపు నమిలాడు.

"మిరియం కాస్త ఎక్కువైంది."

"ఊసెయ్యలేదుగా."

ఆయన తల దించుకున్నాడు. "కొట్టుకి వచ్చెయ్. నీ ఇష్టం వచ్చినవి చెయ్. డబ్బా మీద నీ ఫొటో కూడా వేయిస్తాను."

"నా డబ్బా మీద నా ఫొటో ఎప్పుడో వేయించుకున్నాను."

"ఇద్దరం ఒకే ఊళ్ళో పోటీపడితే నవ్వుతారు."

"మీ బోర్డు చూసి ఇప్పటికే నవ్వుతున్నారు."

"అంటే రావన్నమాట."

"రాను. కావాలంటే నా సరుకు మీ కొట్లో పెట్టి అమ్ముకోండి. నా డబ్బాలోనే, నా ధరకే."

"అదే ఆఖరి మాటా?"

"అదే."

ఆయన పళ్ళెంలోంచి ఇంకొకటి తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"ఇక కిటికీ మూసేస్తున్నాను, చుట్టూ తిరిగి తలుపులోంచి రండి," అంది ఆమె, "నాన్న వస్తేగానీ ముద్ద ముట్టమని పిల్లలు కంచాల ముందు కూర్చున్నారు."