అట్టు చెప్పిన మట్టం

“గాడీ జరా భీ హిలా, ఖలాస్! తుమ్ దోనో సీదా ఇండియా!” అనేసి కఫీల్, అదే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, ఫోన్ పెట్టేశాడు.

బండి రవ్వంత కదిలినా సరే, డ్రైవర్ నాగబాబునీ వంటావిడ వీరమ్మనీ కలిపి ఒకే విమానం ఎక్కించేస్తాడట. ఆ బండి గల్ఫ్‌లో కల్బా సముద్రం ఒడ్డున నిలిపిన కారవాన్. సినిమావాళ్లు వాడేదాని లాంటిదే, కాకపోతే దీనికి ఇంజను ఉండదు, కారు వెనక తగిలించి లాక్కురావాలి. పోయిన శుక్రవారం కఫీల్ తల్లి అందులో పడుకుని ఒక్కసారి ఒత్తిగిల్లేసరికి, ఇసకలో చక్రం దిగబడి బండంతా ఊగిపోయింది. పెద్దావిడ భూకంపం అనుకుని చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తింది. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి ఆవిడే మళ్లీ వస్తోంది.

నాగబాబుకి నిజంగానే భయం వేసింది. చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టాడు. నాలుగు మూలలా జాకీలు బిగించి, అవి ఇసకలో దిగకుండా కింద వెడల్పాటి చెక్కలు వేశాడు. ఎండ కొట్టే వైపు కిటికీలకి దుప్పట్లు కట్టాడు, ఏసీ వేశాడు. చివరికి ఫోన్‌లో మట్టం చూసే యాప్ తెరిచి బండి నేలమీద పెట్టాడు. సున్నా చూపించింది.

“అక్కా, పనైపోయింది! నిండుగ్లాసు పాలు పెట్టినా తొణకవు” అని గర్వంగా కేకేశాడు.

కారవాన్ వంటగది కిటికీలోంచి వీరమ్మ తల బయటపెట్టింది.

“ఏం అయిపోవడం తమ్ముడూ? రవ్వట్టు పోత్తంటే పిండంతా ఎడం పక్కకి జారిపోతంది. బండి వంకరగా ఉంది.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ యవ్వారం! ఫోను సున్నా చూపిత్తంటే వంకరంటావేంటి?”

“ఆ ఫోను నువ్వు కొని రెండేళ్లయ్యింది. నేను ముప్పయ్యేళ్ల నించి అట్లు పోత్తన్నాను. ఫోను అబద్ధం చెబుద్దేమో గానీ పిండి చెప్పదు.”

నాగబాబు లోపలికి వచ్చి చూశాడు. అట్టు నిజంగానే మామిడికాయలా ఒక పక్కకి సాగి ఉంది. ఫోన్‌ని నమ్మాలా, అట్టుని నమ్మాలా? గోదావరి జిల్లాలో పుట్టినవాడు తిండి మాట కాదని ఫోన్ మాట ఎలా వింటాడు? మళ్లీ జాకీ పట్టుకుని బయటికి నడిచాడు.

“ఎడం పక్క ఇంకాస్త ఎత్తు! ఆగాగు, ఇంకోటి పోత్తాను... ఊహూఁ, ఇంకా జారతంది!”

“ఇంకెంతక్కా?”

“ఓ నాలుగు తిప్పులు తిప్పు!”

ఇలా ఆవిడ పోయడం, ఇతను తిప్పడం. పదో అట్టు కంచం బోర్లించి గీసినంత గుండ్రంగా వచ్చింది. బండి ఎలా ఉందో తిరిగి చూసే ఓపిక నాగబాబుకి లేదు. పొద్దున్నుంచీ వంచిన నడుం ఎత్తలేదేమో, అతనికి లోకమంతా ఎలాగూ వంకరగానే కనిపిస్తోంది.

సరిగ్గా పన్నెండింటికి పెద్దావిడని వెంటబెట్టుకుని కఫీల్ దిగాడు. ఆవిడ గడపలో నిలబడి, కాలితో నేలని రెండుసార్లు తట్టి చూసింది. అనుమానంగానే మంచం ఎక్కింది. ఇటు ఒత్తిగిల్లింది. అటు ఒత్తిగిల్లింది. బయట నాగబాబు జాకీని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వీరమ్మ గరిటె పట్టుకునే దేవుళ్లని పిలవడం మొదలుపెట్టింది. బండి కదల్లేదు. కాసేపటికి లోపలినుంచి గురక వినిపించింది.

పెద్దావిడ మూడు గంటల తర్వాత లేచి, “జైన్! వల్లా, జైన్!” అని అరబ్బీలో బాగుందంటూ ఒట్టేసి మరీ మెచ్చుకుంది. కఫీల్ నాగబాబు భుజం తట్టి, “తుమ్ డ్రైవర్ నహీ, ఇంజినీర్ హై” అన్నాడు. తల్లిని కారెక్కించుకుని ఫుజైరాలో ఉన్న తమ విల్లాకి వెళ్లిపోయాడు.

“నీ అట్టుకి దండంరా దేవుడా!” అంటూ నాగబాబు మిగిలిన అట్లన్నీ తినేసి, కృతజ్ఞత కొద్దీ పెనం తనే కడుగుతానని తీసుకున్నాడు. కడిగి బల్ల మీద పెడితే, అది ఒక పక్కకి టక్కున ఒరిగింది.

“ఇదేంటక్కా, దీని అడుగు ఇలా ఉందేంటి?”

“అదా? పోయిన శుక్రారం బండి ఊగినప్పుడు కిందపడి ఎడంపక్క సొట్టబోయింది. పెద్ద మేడం తిడద్దని ఎవరికీ చెప్పలేదు లే.”

నాగబాబు గబగబా ఫోన్ తీసి నేలమీద పెట్టాడు. మూడు డిగ్రీలు! అంటే పొద్దున్న ఫోన్ చెప్పిందే నిజం. తిన్నగా ఉన్న బండిని తనే, తన చేతులతోనే, పదట్ల సాక్షిగా వంకర చేశాడు. ఆ వాలు మీద పెద్దావిడని మూడు గంటలు పడుకోబెట్టారు.

“కొంప ముంచావు కదక్కా! ఇంటికెళ్లాక ఆవిడకి నడుం పట్టేత్తే మన గతేంటి?”

“పట్టనీ. పెనం సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు” అంది వీరమ్మ, పెనం లాక్కుని బల్ల కింద దాచేస్తూ.

అంతలో ఫోన్ మోగింది. కఫీల్! నాగబాబు స్పీకర్ నొక్కాడు. అవతల కఫీల్ తనకొచ్చిన హిందీలో ఒకటే అరుపు.

“యల్లా నాగబాబూ, నీ జాకీలూ చెక్కలూ అన్నీ వేసుకుని వెంటనే ఇంటికి రా! లోపల అడుగు పెట్టిందో లేదో, మన విల్లా మొత్తం ఒక పక్కకి ఒరిగిపోయిందని అమ్మ గోడ పట్టుకుని నిలబడింది!”